మంచులో కొత్త తొవ్వ

అల్మాస్‌గూడ మంచులో మునిగిన ఉదయం. వెంకట్రావుకు ఒకటే కోరిక, వేడి పెసరట్టు. ఒళ్లు తగ్గకపోతే మోకాళ్లు మూలపడతాయని ఆశా కార్యకర్త యాదలక్ష్మి ఆయన్ను వాకింగ్ గుంపులో చేర్చింది. గుంపు పలచబడుతోంది. దాన్ని ఉంచాలో ఎత్తేయాలో తేల్చడానికి డాక్టరమ్మ వస్తోంది.

“సార్, జర అందర్ని ఈడ్నే ఉంచుర్రి. డాక్టరమ్మను తోల్కొస్త” అని యాదలక్ష్మి పార్కు దాటి మంచులో కలిసిపోయింది.

ఆమె అటు వెళ్లగానే వెంకట్రావు ఇటు జారుకున్నాడు. పెసరట్ల బండి వాసన తగిలేసరికి వెనక చెప్పుల చప్పుడు. గుంపంతా వచ్చేసింది!

“ఏంది సార్, ఇయ్యాల కొత్త తొవ్వనా?” అంది సైదమ్మ.

“అవునండీ... కొత్త దారే” అన్నాడు వెంకట్రావు, బండి వైపు చూడకుండా.

ఇక ఆగే దారి లేదు. ఇళ్లూ చెట్లూ తెల్లగా కరిగిపోతుంటే మబ్బులో తేలుతున్నట్టే ఉందాయనకు. మోకాళ్లున్న సంగతే మరిచాడు. పూల బుట్టలతో వచ్చిన ఆడవాళ్లు గుడికేమో అనుకుని వెంట నడిచారు. నల్లా రాని వీధిలోవాళ్లు ధర్నాకేమో అనుకుని ఖాళీ బిందెలతో కలిశారు.

“యాడికి పోతున్నం?” అని ఎవరో అడిగారు.

“ముందున్న పెద్దాయనకు తెల్సు” అని జవాబు.

అప్పుడే పెద్దాయన ఫోన్ మోగింది. “సార్, పార్కుల ఒక్కలు లేరు! డాక్టరమ్మ ముంగట నా ఇజ్జత్ పోయింది. ఏడున్నరు?” అంది యాదలక్ష్మి.

“తెలీట్లేదమ్మా, అంతా తెల్లగా ఉంది” అన్నాడు. నమ్మి అప్పగించిన మనిషిని నవ్వులపాలు చేశానని ఆయనకు గుండె చివుక్కుమంది.

మంచు విడింది. ఎదురుగా బాలాపూర్! వెనక్కి తిరిగితే వీధి నిండా జనం. ఎక్కడున్నారో ఆయన ఫోన్ చేసి చెప్పిన కాసేపటికి యాదలక్ష్మి, డాక్టరమ్మ ఆటో దిగారు. డాక్టరమ్మ జనాన్ని చూసి నోరు తెరిచింది.

“ఇంతమందిని ఇంత దూరం నడిపిస్తున్నావా యాదలక్ష్మీ?”

“లేదండీ, తప్పు నాది. నేను పెసరట్టు కోసం బయల్దేరాను...” అన్నాడు వెంకట్రావు తల దించుకుని.

డాక్టరమ్మ పగలబడి నవ్వింది. “తిండి కోసమైనా నడిచారుగా! గుంపు ఉంటుంది. రేపట్నుంచి ముందు నడిచేది మీరే.”

యాదలక్ష్మి కొంగుతో కళ్లు తుడుచుకుని, నవ్వు ఆపుకుంటూ అందరినీ వెనక్కి నడవమంది.

ఆ పూట బాలాపూర్‌లో షేర్ ఆటోలు చాల్లేదు.