కదలని తరగతి

ఆ బడిలో ఏడో తరగతి పిల్లలు కదలరని పట్టణమంతా చెప్పుకునేవారు. పూటంతా కూర్చోబెట్టినా తల తిప్పరు. దగ్గొస్తే మింగేస్తారు, సందేహమొస్తే అదీ మింగేస్తారు. ఇంతటి ఘనత ఊరికే రాలేదు. ప్రిన్సిపాల్ గారి అవిరళ కృషి దాని వెనక ఉంది.

జీవశాస్త్రం టీచర్ ఆ బడికి కొత్త. ఆమె చేరీ చేరగానే తనిఖీ అధికారి వస్తున్నారన్న కబురొచ్చింది. క్రమశిక్షణలో ఉత్తమ పాఠశాల పురస్కారం దాదాపు ఖాయమనీ, ఆయన చూడబోయేది ఏడో తరగతినేననీ ప్రిన్సిపాల్ చెప్పారు. పాఠం కూడా ప్రిన్సిపాలే ఎంపిక చేశారు: సజీవులు, నిర్జీవులు.

"మీరు చెప్పుకుంటూ పొండి, వాళ్ళు వింటారు. ప్రశ్నలు మాత్రం అడక్కండమ్మా. అడిగితే జవాబు చెప్పాలనిపిస్తుంది. ఎంతైనా చిన్నపిల్లలు కదా" అన్నారు.

రెండో బెంచీ మధ్యలో కూర్చునే పిల్లకు ఇంట్లో వాగుడుకాయ అని ముద్దుపేరు. బడి కరపత్రంలో ఆ పిల్లవి రెండు ఫోటోలు పక్కపక్కన వేశారు. చేరిన రోజుది నోరంతా తెరిచి నవ్వుతున్న ఫోటో. దాని కింద 'అప్పుడు' అని ఉంది. రెండోదాంట్లో పిల్ల కన్నా వెనకున్న గోడలోనే కాస్త కళ కనిపిస్తుంది. దాని కింద 'ఇప్పుడు' అని ఉంది. ఆ కరపత్రం చూసి చేరినవాళ్ళు చాలామంది.

తనిఖీ నాడు పిల్లలను పొద్దున్నే కూర్చోబెట్టారు. మధ్యలో బయటికి వెళ్తామని అడగకుండా మంచినీళ్ళు ఇవ్వలేదు. కాగితాలు రెపరెపలాడితే బాగుండదని ఫ్యాన్లు ఆపేశారు. అధికారి భోంచేసి, కాసేపు నడుం వాల్చి, ప్రశాంతంగా వచ్చారు. వచ్చి, కదలని పిల్లల ఎదుట నిలబడి దేశభవిష్యత్తు గురించి సుదీర్ఘంగా ప్రసంగించారు.

"రేపటి పౌరులు ఎలా ఉండాలో నేనీ గదిలో చూస్తున్నాను. ఇక్కడ చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. కానీ చీమ కూడా చిటుక్కుమనడం లేదు" అన్నారు.

ప్రిన్సిపాల్ కళ్ళు చెమర్చాయి.

తర్వాత టీచర్ పాఠం మొదలుపెట్టింది. ప్రాణమున్నది కదులుతుంది, ఊపిరి పీలుస్తుంది, తింటుంది, పెరుగుతుంది, గిల్లితే ఉలిక్కిపడుతుంది, తనలాంటి ప్రాణులను కంటుంది. ఇవన్నీ చెబుతూ ఉదాహరణ కోసం గదంతా కలయజూసింది. పాఠానికి సరిగ్గా సరిపోయేలా ఒక ఈగ కనిపించింది. అది వాగుడుకాయ చెంప మీద నడుస్తోంది. చెంప దాటి కనురెప్ప మీదికి ఎక్కింది. సగం తెరుచుకున్న ఆ రెప్ప కొట్టుకోలేదు.

"చూశారా, ఈగ వాలినా చలించడం లేదు" అని అధికారి చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ కూడా కొట్టారు.

టీచర్ సుద్దముక్క వదిలేసి బెంచీ దగ్గరికి పరుగెత్తింది. పిల్ల చెయ్యి చల్లగా ఉంది. అటొకరూ ఇటొకరూ భుజాలతో ఒత్తిపట్టడం వల్లే నిటారుగా ఉంది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అని పక్కపిల్లను అడిగింది.

ఆ పిల్ల ముందు ప్రిన్సిపాల్ వంక చూసింది. ఆయన ఏ సైగా చెయ్యలేదు. "సార్ మాట్లాడేటప్పుడు నా మీద ఒరిగిపోయింది టీచర్. కదిలితే తప్పని ఊరుకున్నా" అంది, పెదవులు కదిలీ కదలకుండా.

టీచర్ పిల్లను ఎత్తుకుని వరండాలో పడుకోబెట్టింది. మొహాన నీళ్ళు చల్లి, కొంగుతో విసిరింది. కాసేపటికి పిల్ల కళ్ళు తెరిచింది.

"టీచర్, నేను పడిపోలేదు కదా?" అంది.

"లేదమ్మా" అంది టీచర్.

పురస్కారం ఆ బడికే వచ్చింది. స్పృహ తప్పినా క్రమశిక్షణ తప్పని విద్యార్థిని గురించి అధికారి తన ప్రశంసలో ప్రత్యేకంగా ప్రస్తావించారు. పాఠం మధ్యలో అనుమతి లేకుండా పరుగెత్తినందుకు టీచర్‌ను సంజాయిషీ అడిగారు. పిల్ల తల్లి ఆదరాబాదరా వచ్చింది. ఈవిడైనా నాలుగు దులిపేస్తుందని టీచర్ ఆశపడింది. తల్లి కూతురి తల నిమిరి, కళ్ళు తుడుచుకుని, "కరపత్రంలో ఫోటో మళ్ళీ వేస్తారాండీ?" అని ప్రిన్సిపాల్‌ను అడిగింది.

ఈ సంగతి పట్టణమంతా పాకింది. మర్నాడు బడి గేటు ముందు తల్లిదండ్రులు బారులు తీరారు.

సాయంత్రం టీచర్‌కు వాళ్ళక్క ఫోన్ చేసింది.

"మీ బళ్ళో మావాడికో సీటు ఇప్పించవే. ఒక్క క్షణం కుదురుగా ఉండడు. పొద్దస్తమానం అదేంటి, ఇదెందుకు అని నా ప్రాణం తోడేస్తున్నాడు."

ఫోన్లో వెనకనుంచి పిల్లవాడు ఏదో పాట అరుస్తూ మంచం మీంచి దూకిన చప్పుడు వినిపించింది.

"విన్నావా వాడి గోల?" అంది అక్క.

"విన్నానక్కా. కాసేపు ఫోన్ అక్కడే పెట్టు" అంది టీచర్. చాలాసేపు విన్న తర్వాత, సీట్లు అయిపోయాయని అబద్ధమాడింది.

అక్క మర్నాడు నేరుగా ప్రిన్సిపాల్‌ను కలిసింది. సీటు దొరికింది.