తుల్యం చేసిన బదిలీ

ఈ లోకంలో ఏ ఉద్యోగి కదలాలన్నా ముందు కాగితం మీద కదలాలి. అలా కదలడానికీ ఓ పద్ధతుండాలని బదిలీల శాఖ ఎట్టకేలకు కనిపెట్టింది. ఇకపై ప్రతి దరఖాస్తునూ కెమిస్ట్రీ పుస్తకంలో ఉన్నట్టు ద్వంద్వ వియోగ చర్యగా రాయాలి. ఎడమవైపు ఇద్దరు ఉద్యోగులు, రెండు చోట్లు. బాణం గుర్తు దాటేసరికి చోట్లు తారుమారు కావాలి, లెక్క మాత్రం సరిపోవాలి. (అంకెలు పేరుకు ముందే వేయాలి. కింద వేస్తే దరఖాస్తు అవక్షేపమై అడుగున పేరుకుపోతుంది. పాతవన్నీ అక్కడే ఉన్నాయి.)

ఈ సర్క్యులర్ చూసి ఎగిరి గంతేసిన మనిషి ఒక్కతే, కెమిస్ట్రీ టీచరు. ఆరేళ్లుగా ఆవిడ కొండ కింది ఊళ్లో, పశువుల డాక్టరైన మొగుడు రేవు ఊళ్లో. ఇరవై ఏళ్లుగా సోడియానికీ బేరియానికీ చోట్లు మార్పించిన చెయ్యి, తన సంగతి తేల్చుకోలేదా? రేవు ఊరి కెమిస్ట్రీ టీచరుకి కొండగాలి కావాలట. ఇంకేం! సమీకరణం రాసి, రెండుసార్లు సరిచూసి, తీసుకెళ్లి బదిలీల అధికారి బల్ల మీద పెట్టింది.

అధికారి ఆవిడ పాత శిష్యుడే. చటుక్కున లేచి నిలబడ్డాడు.

"టీచర్, ఎడమవైపు కొండ ఊళ్లో కెమిస్ట్రీ టీచరు, రేవు ఊళ్లో కెమిస్ట్రీ టీచరు. మరి కుడివైపో?"

"అదే…" అంది ఆవిడ నీరసంగా.

"రెండు వైపులా అవే ఉంటే చర్య జరగనట్టే. మీరు చెప్పిందే కదా! ఈ తప్పుకే నన్ను బెంచీ ఎక్కించారు."

"నీ జ్ఞాపకశక్తి మండిపోనూ! మరెలారా నాయనా?"

"వేరే శాఖ మనిషి కావాలి. ఆ ఊళ్లో ఎవరైనా ఉన్నారా?"

"మా ఆయన లేరూ! ఆయన కోసమేగా ఈ తిప్పలన్నీ!"

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ!" అని సంబరపడిపోయి, సమీకరణం తనే పూర్తిచేశాడు. పిల్లల పేపర్లు రెండేసిసార్లు దిద్దే మనిషి, ఆ సంతోషంలో చూడకుండానే సంతకం పెట్టేసింది.

వారం తిరక్కుండా మొగుడి ఫోన్.

"ఏమోయ్, బదిలీ వచ్చేసింది! మీ ఊరికే, మీ బడికే!"

"మా బడిలో పశువుల డాక్టరెందుకండీ?" (తోటి టీచర్లెవరికీ ఈ అనుమానం రాలేదు.)

పకపకా నవ్వుతూనే, ఆ పూటే తనకొచ్చిన బదిలీ కవరు చింపింది. కెమిస్ట్రీ టీచరు, పశువుల ఆసుపత్రి, రేవు ఊరు.

అవతల ఆయన మంచం ఏ గదిలో వేయిద్దామని అడుగుతూనే ఉన్నాడు. ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. ఉత్తర్వులోని సమీకరణంలో ఎక్కడో తప్పు దొరక్కపోతుందా అని ఎర్ర పెన్ను తీసింది. ఎడమవైపు ఇద్దరు, కుడివైపు ఇద్దరు. చోట్లు మారాయి. ఎవరూ తగ్గలేదు, ఎవరూ మిగల్లేదు.

కళ్లు తుడుచుకుని, పదికి పది వేసింది.