లీనా ఫిర్యాదు

ఆదివారం పొద్దున్నే బట్టలు ఉతికేసి, ఎండ ముదిరేలోగా అప్పడాలు పెట్టేయాలని అనుకుంది గంగాభవాని. దేవేంద్ర నగర్‌లో కుళాయి తొమ్మిదింటికే ఆగిపోతుంది. తొందరలో భర్త మల్లేశ్వరరావు చొక్కా జేబు తడిమితే ఒక చీటీ దొరికింది. హిందీలో, గుండ్రటి ఆడరాత. "లీనా కీ రబ్ సే ఫరియాద్."

రాయపూర్ వచ్చి పన్నెండేళ్ళయినా ఆమె హిందీ కూరగాయల బండి దాటి వెళ్ళలేదు. అయినా ఫరియాద్ అంటే ఫిర్యాదే కదా! ఎవరీ లీనా?

పక్క వీధిలోని అన్న సత్తిరాజుకు కబురు పంపింది. ఆయన రైల్వే ఆఫీసులో ప్రయాణికుల ఫిర్యాదులు చూసే గుమాస్తా.

"రబ్ అంటే దేవుడు చెల్లీ. పోలీసుల్ని కాదని ఏకంగా దేవుడికే ఫిర్యాదు పెట్టిందంటే, బావ పెద్ద అన్యాయమే చేశాడు."

"వెనకాల కూడా ఏటో ఉందన్నయ్యా."

"బేటా మాంగే కార్ స్కూటర్, బాప్ రాజీ," అని చదివి సత్తిరాజు మంచం మీద కూలబడ్డాడు. "కొడుకు కూడానా! కారూ స్కూటరూ అడిగాడట. బావ రాజీ పడిపోయాడట. మామలా ఖతమ్, ఇక కేసు మూసేసినట్టే!"

గంగాభవానికి లీనా కంటే ఆ స్కూటరు ఎక్కువ మండించింది. "నన్ను ఏనాడైనా రిక్షా ఎక్కించారా? దానికి కారూ స్కూటరూనా!" అంటూ పెట్టె సర్దేసింది. "మధ్యాహ్నం బండికి విజయనగరం, పుట్టింటికి పోతాను. ముందు దాని మొహం చూడాలి."

ఇద్దరూ తెలీబంధాలో మల్లేశ్వరరావు పాఠాలు చెప్పే ట్యూషన్ గదికి చేరేసరికి, లోపల ముప్పై గొంతులు ఒక్కసారి అరిచాయి: "లీనా కీ రబ్ సే ఫరియాద్!"

"ఇంతమంది సాక్షులే!" అన్నాడు సత్తిరాజు.

"ఎవర్తివే లీనా? లే పైకి!" అంది గంగాభవాని గుమ్మంలోంచి.

ఎవరూ లేవలేదు. మల్లేశ్వరరావు చేతిలో సుద్దముక్క జారిపోయింది.

"లి అంటే లిథియం, నా అంటే సోడియం భవానీ! మూలకాల వరస గుర్తుండటానికి పిల్లలు పాడుకునే మాట. ఆ కారూ స్కూటరూ రెండో వరస. చీటీ ఈ ముందు బెంచీ అమ్మాయి రాసింది. ఇక్కడ ఫరియాద్ అంటే మొర, రాజీ అంటే సరేనన్నాడని!"

సత్తిరాజు చెప్పులు వెతుక్కున్నాడు. గంగాభవాని కదల్లేదు.

"ఇవన్నీ ఒక గుంపెందుకయ్యాయి?"

"చివరి కక్ష్యలో ఒకే ఒక్క ఎలక్ట్రాన్. తీసుకునేవాళ్ళు దొరికితే ఇచ్చేసి కలిసిపోతాయి."

"బుద్ధిమంతులెవరూ లేరా?"

"జడవాయువులున్నాయి. చివరి కక్ష్య నిండుగా ఉంటుంది. ఎవరి జోలికీ పోవు."

"అయితే అవి చెప్పండి," అని ఆమె ముందు బెంచీలో కూర్చుంది.

ఆ పూట పాఠం హీలియంతో మొదలై జినాన్‌తో ముగిసింది. విజయనగరం బండి వెళ్ళిపోయింది. సాయంత్రానికి పెట్టెలో చీరలు బీరువాలోకి చేరాయి. కానీ లిథియం తరువాత సోడియం వచ్చి లీనా కావడం ఆయన చేతిలో లేదన్న మాట మాత్రం గంగాభవాని ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు.