ఖర్బూజాకి వచ్చిన ఉద్యోగం

"మనిషి మెదడు మనిషినీ వస్తువునీ ఎన్నటికీ ఒకటిగా చూడదు!"

మాడ్రిడ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ డాన్ ఎవరిస్టో ఈ సత్యాన్ని రోజూ కాఫీకి ముందొకసారి, తరవాత ఒకసారి ప్రకటించేవాడు. స్పానిష్‌లో వడ్రంగిని చూశానని చెప్పాలంటే వడ్రంగికి ముందు ఓ చిన్న మాట గౌరవంగా నిలబడాలి. బల్లకి ఆ మర్యాద అక్కర్లేదు. మర్యాద తప్పితే చదివేవాడి మెదడు ఉలిక్కిపడుతుందట. ఆ ఉలికిపాటుని పట్టడానికి తీగల టోపీ ఉంది. టోపీ కిందికి అరాసేలి తల ఉంది.

అరాసేలి విల్యాకొనెహోస్ ఊరి పిల్ల. వేసవికి ఈ ప్రయోగశాలలోనే అసిస్టెంటు ఉద్యోగం వస్తుందన్న ఆశతో నోరెత్తకుండా కూర్చునేది. ప్రొఫెసర్ వస్తూనే యంత్రాన్ని నిమిరి, "బాగున్నావా కార్మేలా?" అని పలకరించి, "సబ్జెక్టుకి తీగలు తగిలించారా?" అని అరాసేలి వైపు చూడకుండానే అడిగేవాడు.

డీన్ గారు తనిఖీకి వచ్చే రోజున ఆమె నాన్న తోటలోంచి ఓ ఖర్బూజా తెచ్చింది. ప్రొఫెసర్ చేతికివ్వడానికి సిగ్గేసి, వాలుకుర్చీలో తల ఆనించే చోట పెట్టింది. ఈలోగా టోపీ జిగురుకి నెత్తంతా దురద. టోపీ తీసి కాయకి తొడిగి, తల కడుక్కోవడానికి పోయింది.

డీన్ వచ్చాడు. ప్రొఫెసర్ కళ్లు యంత్రం తెర మీదే ఉన్నాయి. పక్కగదిలో కాఫీ మిషను గురకపెట్టినప్పుడల్లా తెర మీద గీతలు ఎగిరాయి.

"చూశారా, వడ్రంగి దగ్గర ఎలా ఉలిక్కిపడిందో! కన్నయినా ఆర్పదండీ. వేసవికి అసిస్టెంటుగా ఈ పిల్లనే తీసుకుంటున్నాను."

డీన్ ముచ్చటపడి కుర్చీ వెనక నుంచే, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు.

డీన్ చెవి ఒగ్గాడు.

"పల్లెటూరి పిల్ల, సిగ్గు," అన్నాడు ప్రొఫెసర్.

"ఇద్దరిదీ విల్యాకొనెహోసే సార్," అంది గుమ్మంలోంచి అరాసేలి, తడిజుట్టుతో.

ప్రొఫెసర్ వెంటనే తేరుకుని, ప్రాణంలేని వాటికి యంత్రం ఎలా స్పందిస్తుందో పరీక్షిస్తున్నామని గంభీరంగా చెప్పాడు. కాయని ఊరి పేరడిగిన డీన్ ఇంకా గంభీరంగా తలూపాడు.

భోజనానికి పల్చగా కోసిన పందితొడ మాంసం వచ్చింది. అక్కడ దాన్ని ఖర్బూజా ముక్కలతోనే తింటారు కనక జోడీ వెతుక్కునే పని లేకపోయింది. అందరూ కొత్త అసిస్టెంటుని కోసుకుని, తియ్యగా ఉందని మెచ్చుకుంటూ తిన్నారు.

అరాసేలి తొక్కలకేసి చూసి గొంతు సవరించుకుంది.

"అయితే సార్, ఆ ఉద్యోగం ఖాళీ అయినట్టే కదా?"