చెయ్యెత్తి మాట్లాడాలె సార్

తనిఖీ అధికారి శ్రవణ్‌కుమార్ వస్తున్నాడని ఆ రోజు హెడ్మాస్టర్ గంగాప్రసాద్ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బడికి వచ్చాడు. ఆర్మూర్ శివారులోని ఆ బడిలో ఏ సంగతైనా పిల్లల సభే తేలుస్తుంది. హెడ్మాస్టరుకైనా ఒకటో తరగతి పిల్లకైనా ఒకే చెయ్యి, ఒకే ఓటు. ఆ సభ ఉండాలో ఊడాలో అధికారి ఇవాళే చెప్తాడు. ఈ ఒక్క పూట సాఫీగా గడిస్తే చాలని గంగాప్రసాద్ దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు.

సాఫీగా గడవడానికి అది పసుపు ఉడికించే కాలం కాకుండా ఉండాల్సింది. పసుపు రైతు భూమవ్వ కల్లం పక్కన బోరు వేసి అంతా బురద చేశారు. బడి ముందు సిమెంటు గచ్చు అద్దంలా ఉంది. పసుపు ఆరబోసుకోనిస్తారా అని ఆమె సభకొచ్చి అడిగింది, ఇద్దామని పిల్లలు చేతులెత్తారు. అది చూసి ఇంకో రైతు నర్సవ్వా వచ్చింది. ఒకరికిచ్చి ఇంకొకరికి లేదనడం మర్యాద కాదని గేటు పక్క జాగా ఆమెకిచ్చారు. గంగాప్రసాద్ వద్దని చెయ్యెత్తి ఓడిపోయాడు.

నర్సవ్వ పసుపు ఇంకా రాకముందే అధికారి కారు ఆ జాగా మీదుగా లోపలికొచ్చింది. ఆయన ఆఫీసు గదిలో కూర్చుని, పిల్లలకు పెత్తనమిస్తే రేపు మనల్నే బెంచీ ఎక్కిస్తారని, సభ రేపటి నుంచి బందని గంగాప్రసాద్‌కు క్లాసు పీకాడు. పీకి బయటికొచ్చేసరికి గేటు దాకా ఆవిర్లు కక్కే పసుపు కొమ్ములే. కారుకు దారి లేదు.

ఎత్తెయ్యమని అధికారి గద్దించాడు.

"గీ జాగ సభ ఇచ్చింది సార్. సభనే అడుగుండ్రి," అంది నర్సవ్వ నిమ్మళంగా.

ఆయన గంగాప్రసాద్ వైపు తిరిగాడు. తనదీ ఒక్క చెయ్యేనని గంగాప్రసాద్ నసిగాడు. చేసేది లేక సభ కూర్చుంది. అధ్యక్షురాలు ఏడో తరగతి అంకిత. అధికారి గొంతు పెంచగానే ఆపింది.

"చెయ్యెత్తి మాట్లాడాలె సార్."

చచ్చినట్టు ఎత్తాడు. జక్రాన్‌పల్లిలో ఇంకో బడి చూడాలని, ఆలస్యమైతే పైవాళ్ళు తిడతారని చెప్పుకున్నాడు. ఎవరూ అడ్డురాలేదు. పైఆఫీసు మీటింగుల్లో ఆయన్ను రెండో మాట దాకా వెళ్ళనిచ్చిన పాపాన ఎవరూ పోలేదు. ఇక్కడ అందరూ వింటుంటే పాపం, తన మోకాళ్ళ నొప్పి సంగతి కూడా చెప్పేశాడు.

కొందరు సార్ మీద జాలిపడ్డారు, కొందరు నర్సవ్వ మీద. చేతులు సమానమయ్యాయి. ఇక మిగిలింది గంగాప్రసాద్ చెయ్యి. కారు వైపు ఎత్తితే సభ బతుకుతుందేమో. అయినా ఆయన కళ్ళు మూసుకుని పసుపు వైపే ఎత్తాడు.

"ఇంక వేడి మీదున్నయ్ సార్, గిప్పుడు కదిలిస్తే నలిగిపోతయ్. పొద్దుగూకంగ కుప్ప జేస్తరు, జర ఆగుండ్రి," అన్నాడు అధికారితో.

"నేనంటే భయం లేదా మీకు?"

"మస్తు భయమైతుంది సార్. గని చెయ్యి నాదే గద."

ఎత్తిన ఆ చెయ్యిని గంగాప్రసాద్ దించలేదు. అధికారి దాన్ని చూశాడు. తర్వాత బూట్లు విప్పి వరండాలో పిల్లల పక్కన కూర్చున్నాడు, వాళ్ళతోనే మధ్యాహ్న భోజనం చేశాడు. సాయంత్రం పసుపును కుప్పచేసి టార్పాలిన్ కప్పాక, కారెక్కుతూ గంగాప్రసాద్‌ను పిలిచాడు.

"సభను నడవనియ్యుండ్రి. ఓడిపోతే పోయిన, నన్ను మొత్తం మాట్లాడనిచ్చిన జాగ గిదొక్కటే."

గంగాప్రసాద్ చేతులు జోడించాడు.

మళ్ళీ తనిఖీకి అధికారి బస్సులో వచ్చాడు.