గర్జన కాలేజీ ఫీజు బకాయిలు

అడవి పెద్దదే. ఎన్నికలొస్తే ఇంకా పెద్దదవుతుంది, వాగ్దానాలన్నిటికీ చోటు కావాలి కదా.

ఆ ఏడు తోడేళ్ళ పార్టీ, తమని గెలిపిస్తే పిల్లల కాలేజీ ఫీజు సగం కడతామంది. సింహం రాజావారు మొత్తం కడతామన్నారు. చేరిన ప్రతి పిల్లకీ తమ వేటలోంచి ఒక తొడ చొప్పున కాలేజీకి పంపిస్తారట. జింకలు గంతులేశాయి. అడవిపందులు బురదలో పొర్లి పండగ చేసుకున్నాయి. అన్నీ కలిసి రాజావారినే గెలిపించాయి. ఆ తొడ ఏ చెట్టుకి కాస్తుందని ఒక్కటంటే ఒక్కటీ అడగలేదు.

ముళ్ళపంది సూరమ్మ కూడా అడగలేదు. దానికి ఒక్కగానొక్క కూతురు పైడి. దుంపలు తవ్వుకునే తన బతుకు పిల్లకి రాకూడదని సూరమ్మ పట్టుదల. గర్జన చదివితే రాజావారి కొలువులో ఉద్యోగం ఖాయమని అందరూ అంటుంటే, నక్క పెట్టిన గర్జన కాలేజీలో పైడిని చేర్పించింది. నక్కకి గర్జన ఎక్కడొచ్చు అంటారేమో. కాలేజీ పెట్టడానికి చదువు రావాలని ఎవరు చెప్పారండీ, స్థలం ఉంటే చాలు.

చేరేటప్పుడు ఒరిజినల్స్ అప్పజెప్పాలి. కొమ్ములున్నవాళ్ళు కొమ్ములు, కోరలున్నవాళ్ళు కోరలు, పైడిలాంటివాళ్ళు ముళ్ళు. మళ్ళీ మొలుస్తాయిలే అని సూరమ్మ సర్దుకుంది. ఫీజు బకాయి తీరేదాకా మొలిచినప్పుడల్లా తెచ్చి ఇవ్వాలనీ, దాన్ని రెన్యువల్ అంటారనీ తర్వాత తెలిసింది.

చదువైపోయింది. పైడి బోడి వీపుతో ఇంటికొచ్చింది. ముళ్ళు లేని ముళ్ళపందంటే ఇంకేముంది, మెత్తటి మాంసం. ఏటి ఒడ్డున దుమ్ములగొండి మకాం పెట్టి, బొరియ వైపే చూస్తూ పెదాలు నాక్కుంటోంది. పిల్ల గుక్కెడు నీళ్ళకి కూడా బయటికి రాలేకపోయింది. ఎన్నాళ్ళిలా దాచి పెంచనని సూరమ్మకి దిగులు పట్టుకుంది. కాలేజీకి పరిగెత్తింది.

నక్క మర్యాదగానే కూర్చోబెట్టింది. తనకీ పిల్లలున్నారంది, తల్లి బాధ తనకి తెలుసంది. కానీ పైడి తాలూకు తొడ రాజావారి దగ్గర్నుంచి ఇంకా రాలేదట.

"పోనీ నువ్వే ఎలాగోలా తెచ్చి కట్టేసి, ఇవాళే ముళ్ళు పట్టుకెళ్ళమ్మా. సర్కారు ఇచ్చిననాడు నీది నీకిచ్చేస్తాను" అంది.

ముళ్ళపంది తొడ ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఒంటిమీదున్నవి తప్ప సూరమ్మకి వేరే ఆస్తి లేదు.

అక్కణ్ణుంచి విద్యాశాఖ చూసే ఎలుగుబంటి మంత్రి దగ్గరికి పోయింది. మంత్రి తేనెపట్టు నాకుతూనే, అంతా ఎప్పుడో విడుదల చేశామన్నాడు. విడుదలైంది గానీ ఇంకా బయల్దేరలేదట. బయల్దేరితే తప్పకుండా అందుతుందట. సూరమ్మకి ఒళ్ళు మండిపోయింది. రెండు ముళ్ళు మంత్రిగారి బొచ్చులో దించుదామనుకుంది గానీ, పని కావాల్సింది తనకి కదా. దండం పెట్టి వచ్చేసింది.

అసలు సంగతేమిటంటే రాజావారికి వయసు మీద పడింది. దున్న కొమ్ములతో కుమ్ముతోంది, పంది కోరలతో చీరుతోంది. తమ కడుపే నిండని వేటలో కాలేజీలకి ఏం మిగులుతుంది? ఆ ముక్క మాత్రం ఏ ప్రకటనలోనూ లేదు.

ఇంతలో మళ్ళీ ఎన్నికలొచ్చాయి. నక్క కాలేజీకి తాళం వేసి సమ్మెకి దిగింది. తోడేళ్ళు విద్యార్థుల తరఫున పొద్దస్తమానం ఏడ్చాయి. దాంతో రాజావారు బకాయిలన్నీ ఒకే ఒక్క సభలో తీర్చేస్తామని చాటింపు వేయించారు. చదువుకున్న పిల్లలంతా రావాలి, రానివాళ్ళ పేరు కొట్టేస్తారు. సూరమ్మకి మనసొప్పలేదు. పేరు పోతే ముళ్ళు ఇక రావని భయపడి, పైడిని వెంటబెట్టుకుని వెళ్ళింది.

పిల్లల్ని ముందు వరసల్లో కూర్చోబెట్టారు. రాజావారు వేదికెక్కి ప్రసంగం మొదలెట్టబోయి ఆగిపోయారు. మంత్రి వైపు వంగారు.

"వీళ్ళకి కొమ్ములూ కోరలూ లేవేమిటయ్యా?"

"అన్నీ కాలేజీలో భద్రంగా ఉన్నాయి ప్రభూ."

"మరి ఇన్నాళ్ళూ నాకు చెప్పవేం?"

వేదిక పక్కనే నిలబడ్డ సూరమ్మకి ఆ మాట చెవిన పడింది. ఒక్క పరుగున వెళ్ళి పైడిని పొట్టకింద దాచుకుని, ఒంటిమీది ముళ్ళన్నీ నిక్కించి పడుకుంది.

రాజావారు దూకారు. పిల్లలంతా ప్రాణభయంతో తాము నేర్చుకున్న చదువు బయటికి తీశారు. వచ్చింది ఊళ. నక్క నేర్పితే ఇంకేం వస్తుంది? రాజావారి పంజా సూరమ్మ మీద పడి, ముల్లు గుచ్చుకుని, పక్కనున్న జింకపిల్ల మీదికి మళ్ళింది. దాని అరుపు సూరమ్మ చచ్చేదాకా మరిచిపోలేదు.

సాయంత్రానికల్లా లెక్కకి సరిపడా తొడలు కాలేజీకి చేరి, బకాయిలన్నీ తీరిపోయాయి. ఆడిన మాట తప్పని రాజని మంత్రి ప్రకటించాడు.

మర్నాడు నక్క నిజాయితీగా గది తాళం తీసింది. లోపల కొమ్ములూ కోరలూ గుట్టలు పడి ఉన్నాయి. తీసుకోవడానికి వచ్చింది పైడి ఒక్కతే.

"చూశావా సూరమ్మా, మేం ఎవరివీ ఆపుకోం" అంది నక్క. చుట్టాల పిల్లలెవరైనా ఉంటే ఈ ఏడు చేర్పించమని కూడా చెప్పింది. సూరమ్మ ముళ్ళనీ పిల్లనీ తీసుకుని ఆ పూటే కొండ అవతలికి వలసపోయింది.

ఆ ఏడు చేరడానికి అడవిలో పిల్లలే దొరకలేదు. సీట్లు నిండకపోతే తొడలు రావు. నక్క బాగా ఆలోచించి, తన పిల్లల్నే చేర్పించి రాజావారికి కబురు పెట్టింది. అడవిలో తమకి లొంగే వేట వేరే మిగల్లేదు గనక, ఈసారి రాజావారు బకాయి పెట్టలేదు. చేరిన రోజే స్వయంగా కాలేజీకి వచ్చి, పిల్లకొక తొడ చొప్పున నక్క ముందు పెట్టి వెళ్ళారు. అన్నీ చిన్న చిన్న తొడలు.

నీతి: ఉచిత చదువులో ఖర్చయ్యేది చదువుకునేవాడొక్కడే.