బావగారి కోసం బొటనవేలు మందాన నురగ

మగవాళ్ళచేత మందు మాన్పించాలని ఉందా? సీసాలు పగలగొట్టకండి, ఒట్లు వేయించుకోకండి, తాయెత్తులు కట్టించకండి. ఇంట్లో కాక్‌టెయిల్ చేసుకోనివ్వండి! అదీ మామూలుది కాదు, జిన్‌లో నిమ్మరసం, గుడ్డు తెల్లసొన వేసి, పైన తెల్లగా నురగ తేల్చే రకం. ఇంతకు మించిన మద్యనిషేధం ఇంకోటి లేదండీ!

నమ్మరా? అయితే కొత్తపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసే దుర్గాశ్రీనివాస్ సంగతి వినండి. సాయంత్రమయ్యేసరికి రెండు పెగ్గులు పడందే మనిషి మనిషిలా ఉండేవాడు కాదు. అలాంటివాడు ఈ కాక్‌టెయిల్ మొదలుపెట్టిన వారం నుంచీ ఒక్క చుక్క తాగితే ఒట్టు! తాగడానికి తీరికేదీ?

ఈ పుణ్యమంతా అతని బావగారిది. అంటే అక్క మొగుడు, రాజోలు నాగేంద్రబాబుగారు. దోహాలో ఓ పెద్ద హోటల్లో లాండ్రీ సూపర్‌వైజరు. కిందటిసారి సెలవుకొచ్చినప్పుడు దుర్గాశ్రీనివాస్ స్టీలు గ్లాసులో బ్రాందీ పోసి, పక్కన మిక్చర్ పొట్లం విప్పి మర్యాద చేసేడు. బావగారు ఆ గ్లాసు వంక జాలిగా చూసి, "అక్కడ మా హోటల్లో తాగేవాటికి పైన ఇంత నురగ ఉంటుందయ్యా," అని బొటనవేలు చూపించేరు.

అంతే! గోదావరి జిల్లావాణ్ణి తిట్టండి, పడతాడు. మర్యాదలో లోటు చేశాడన్నారా, ఇక అన్నం సయించదు. ఈసారి బావగారు దిగుతూనే, ఎయిర్‌పోర్టులో కొన్న జిన్ సీసా ముందుగా పంపించేరు. ఆదివారం వస్తానని కబురు. ఆయన నోటివెంట "బాగుందయ్యా" అన్న మాట రాకపోతే ఇక తను కొత్తపేటలో తలెత్తుకు తిరగలేనని దుర్గాశ్రీనివాస్ తీర్మానించుకున్నాడు.

ఆ ఒక్క మాట కోసం ఇల్లు ఎంత ఐకమత్యంగా కదిలిందో చూడండి! అతను ఫోనులో వీడియో చూస్తూ కేకలేస్తాడు. భార్య సత్యశ్రీ నిమ్మకాయలు పిండి, గింజలు ఏరి, పంచదార పాకం పట్టి చల్లార్చి పెడుతుంది. తల్లి పాపాయమ్మగారు గుడ్డు పగలగొట్టి తెల్లసొన విడదీస్తుంది. ఆవిడకో అనుమానం.

"పడిశం పడితే కదరా బ్రాందీలో గుడ్డు కొట్టి ఇస్తారు? నీకేం రోగం వచ్చిందిరా?"

"రోగం కాదమ్మా, ఇది కాక్‌టెయిల్!"

"ఏదో ఒకటి. తొందరగా తగ్గించుకో నాయనా."

పచ్చసొనలు మిగిలిపోతాయి కదా! వాటితో పొద్దున అట్టు, మధ్యాహ్నం పొరటు, సాయంత్రం మళ్ళీ అట్టు. పాపాయమ్మగారు వీధిలోకొస్తే కామెర్లేమోనని ఇరుగుపొరుగు పరామర్శించేరు. ఇంటింటికీ పౌష్టికాహారం ఎలా అందించాలా అని పెద్దపెద్దవాళ్ళు తలలు బద్దలు కొట్టుకుంటున్నారే, ఇంత సులువైన ఉపాయం ఎవరికీ తట్టలేదేం?

ఇక వ్యాయామం సంగతి చెప్పాలా? వీడియోలో వాడు షేకరనే స్టీలు డబ్బాలో పోసి ఊపేడు. మన ఇళ్ళల్లో అదెక్కడుంటుంది? ఆవకాయ సీసా కడిగి అందులో పోసి ఊపేడు దుర్గాశ్రీనివాస్. మూత ఎగిరి, నురగంతా గోడమీద దేవుడి కేలండరుకి అభిషేకమైపోయింది. మర్నాడు మూత నిలిచింది గానీ, గ్లాసంతా ఆవఘాటు! ఫ్రిజ్‌లో ఐసు చాలక కాట్రేనికోన నుంచి రొయ్యల పెట్టెల్లో వేసే ఐసు తెప్పించేడు. ఆ రోజు వీధిలో పిల్లులన్నీ వచ్చి మెట్లమీద బుద్ధిగా కూర్చున్నాయి. ఇంత చేసి తాగేడా? "ఇది నురగ కాదు, సబ్బునీళ్ళు!" అని తనే పారబోసేవాడు. సీసా మళ్ళీ సత్యశ్రీయే కడిగేది.

చివరికి ఆమే అంది. "వీడియోలో ఆయన ఐసు వెయ్యకుండా ఒకసారి ఊపి, వేసేక ఇంకోసారి ఊపుతున్నాడండీ. మీరు అన్నీ ఒకేసారి పోసేస్తున్నారు." అలా ఊపితే లేచింది నురగ! దుర్గాశ్రీనివాస్ ఆనందం పట్టలేక వీధి వీధంతా చెప్పుకున్నాడు, "సాధించేనండి!" అని.

ఆదివారం భోజనాల ముందు బావగారు వచ్చేరు. పక్కింట్లో ఉండే బాబాయి మంగరాజుగారినీ పిలిచేరు. పెద్దమనిషి లేకుండా మర్యాద ఎలా పూర్తవుతుంది? మొదటి గ్లాసు తయారైంది. పైన బొటనవేలు మందాన తెల్లటి నురగ! దుర్గాశ్రీనివాస్ రెండు చేతులతో పట్టుకొచ్చి బావగారి ముందు పెట్టేడు.

"అబ్బెబ్బే, మామగారుండగా నేనాండీ! ముందు వారు పుచ్చుకోవాలి."

"అదేంటండీ అల్లుడుగారూ! అంత దూరం నుంచొచ్చేరు, తమరే ముందు," అన్నారు మంగరాజుగారు.

"ఆయ్, పెద్దవారండి తమరు."

"ఆయ్, ఇంటి అల్లుడుగారండి తమరు."

నురగ దిగకుండానే తాగెయ్యాలని వీడియోలో వాడు చెప్పేడు. వాడికేం తెలుసండీ, వాడెప్పుడైనా కోనసీమలో ఓ పూట కూర్చున్నాడా? దుర్గాశ్రీనివాస్ ప్రాణం ఉగ్గబట్టుకుని గ్లాసు వంక చూస్తూండగానే నురగ చప్పబడిపోయింది. లోపలికి పట్టుకెళ్ళి కొత్తగా ఊపుకొచ్చేడు. మళ్ళీ "తమరు", మళ్ళీ "తమరు"! ఈసారి ఇక లాభం లేదని, చెరో గ్లాసూ ఒకేసారి చేతుల్లో పెట్టి దణ్ణం పెట్టేడు.

మంగరాజుగారు గ్లాసెత్తి చూసేరు. తాటితోపుల్లో పెరిగిన మనిషి. కల్లు మీద నురగని బుద్ధున్నవాడెవడైనా తాగుతాడా? మూతి దగ్గర పెట్టుకుని "ఉఫ్!" అని ఊదేరు. వారం రోజుల కష్టం ఎగిరి అరుగు మీద పడింది. పెద్దాయన ఊదేక తను ఊదకపోతే ఏం బాగుంటుంది? బావగారూ ఊదేరు!

దుర్గాశ్రీనివాస్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. బావగారు ఓ గుటక వేసేరు. ఇంకోటి వేసేరు. మూతి తుడుచుకున్నారు.

"నిమ్మకాయలెక్కడివయ్యా? రసమున్నవి పడ్డాయి."

"ఆయ్, కాయ మంచిదండి," అన్నారు మంగరాజుగారు.

కాయ!

వంటింట్లోకొచ్చి పీట మీద కూలబడ్డాడు పాపం. "చూసేవా సత్యా? రెక్కలు పడిపోయేలా చేస్తే, నిమ్మకాయలు బాగున్నాయంటారా? చేసిన చెయ్యి కనపళ్ళేదా? బాగుందని ఒక్క మాటంటే వాళ్ళ సొమ్మేం పోయింది?" నవ్వకండి, నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి.

గుడ్డతో పట్టుకుని పులుసు గిన్నె తిప్పుతున్న సత్యశ్రీ ఆగి అతని వంక చూసింది. జాలేసింది. "పోనీలెండి. బాగా కుదిరిందండీ. నేను చూసేను కదా," అంది. అతను ముక్కు ఎగబీల్చి కాస్త తేరుకున్నాడు.

ఇదేనండీ ఈ కాక్‌టెయిల్ వల్ల అసలు లాభం! చేసి పెట్టినవాళ్ళు గుమ్మం పట్టుకుని, ఎదుటివాళ్ళ మొహం వంక చూస్తూ నిలబడితే ఎలా ఉంటుందో మగవాడికి ఒక్క గ్లాసుతో తెలిసొస్తుంది. ఏ పురాణం చెబుతుంది ఇంత బాగా? ఏ కౌన్సెలింగ్ నేర్పుతుంది? కనుక ఇంటికో జిన్ సీసా, డజను గుడ్లు ఉచితంగా పంచిపెట్టాలని సవినయంగా మనవి. కాపురాలు బాగుపడతాయి!

భోజనాలకి కూర్చున్నారు. సత్యశ్రీ పండుగప్ప పులుసు వడ్డించింది. పొద్దున్నే చేప తోమి, మసాలా నూరి, మామిడికాయ ముక్కలు వేసి కాచిన పులుసు. బావగారు మొదటి ముద్దకే కళ్ళు మూసుకున్నారు.

"ఏం పులుసయ్యా ఇది! దోహా అంతా గాలించినా ఈ రుచి దొరకదు."

దుర్గాశ్రీనివాస్ ఛాతీ పొంగిపోయింది. "ఆయ్! మా గోదారి నీళ్ళ మహిమండి బావగారూ!"

"నీళ్ళేనండి. ఇంకేముంది," అన్నారు మంగరాజుగారు.

సత్యశ్రీ చేతిలో గరిటె ఆగింది. మొగుడి వంక ఓసారి చూసింది. గరిటె గిన్నెలో పెట్టేసి, చెంగుతో చెయ్యి తుడుచుకుని, ఓ కంచం తెచ్చుకుని వాళ్ళ ఎదురుగానే కూర్చుంది.

"సత్యా, బావగారికి ఇంకాస్త పులుసు..." అన్నాడు దుర్గాశ్రీనివాస్.

"ఆయ్. గోదారిని వడ్డించమనండి," అంది, ఎంతో మర్యాదగా.

గిన్నె తన వైపు లాక్కుని, తల ముక్క తీసి తన కంచంలో వేసుకుంది. తీరిగ్గా కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. ముగ్గురు మగవాళ్ళూ చేతులు కంచాల్లో ఉంచేసి ఆమె మొహం వంకే చూస్తున్నారు.

"బాగా కుదిరింది," అంది. తనే.